ఎల్డన్ దెబ్బల లెక్క

బ్రిజిట్ మా ఇంటికి వచ్చిన మొదటి రోజే పదహారు రంగుల పెన్నులు వెంట తెచ్చుకుంది. ఈ పిల్లతో నాకు పొసగదని అప్పుడే అనుకున్నాను.

మా ఇల్లంటే నా సొంతిల్లు కాదు. సెలైనా ఊళ్ళో లిండెన్ వీధి చివర, పుట్టుకతోనే ఎదుగుదలలో తేడా ఉన్న నలుగురు మగవాళ్ళు కలిసి ఉండే ఇల్లు. వాళ్ళకు వండిపెట్టడం, స్నానాలు చేయించడం, మందులు వేయడం, వ్యానులో ఊరంతా తిప్పడం మా పని. పందొమ్మిదేళ్ళుగా పగటి డ్యూటీ నాదే. నేను ఈ పనిలో చేరినప్పుడు బ్రిజిట్ ఇంకా పలక మీద అక్షరాలు దిద్దుకుంటూ ఉండి ఉంటుంది.

ఆమె వచ్చింది ఎల్డన్ కోసం. ఎల్డన్‌కు ముప్పై ఎనిమిదేళ్ళు. ఆరడుగుల మనిషి, మాట రాదు. తువ్వాళ్ళు మడత పెట్టడంలో మా దొరగారిని మించినవాళ్ళు కాన్సస్ మొత్తంలో లేరు. అంచుకు అంచు కలవకపోతే విప్పి మళ్ళీ మొదలుపెడతాడు. నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉన్న దుప్పటి ఇస్తే మాత్రం నా ఒళ్ళోకి విసిరేస్తాడు. ఆ విషయంలో మేమిద్దరం ఒకటే. ఇక ఎవరి బర్గర్‌లో ఊరవేసిన దోసకాయ ముక్క కనబడినా అది ఆయనదే, అడగడాలు ఉండవు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎల్డన్ తన తల తానే కొట్టుకుంటాడు. పిడికిలి బిగించి కణత మీద కొట్టుకుంటాడు, రోజుకు నూట యాభై సార్లకు పైగా. అలా కొట్టుకునే, నాలుగేళ్ళ కిందట ఎడమ కంటి వెనక పొర ఊడిపోయి ఆ కన్ను పోయింది. మెత్తటి టోపీ పెట్టి చూశాం, పావుగంట ఓపిక పట్టి పీకి పారేస్తాడు. మందులు మార్చి చూశాం, నిద్రపోవడం తప్ప ఏమీ మారలేదు. ఈ ఏడాది డాక్టరు కుడి కన్ను కూడా అదే దారిలో ఉందని చెప్పాడు.

దాంతో ఇలాంటి వాళ్ళ మంచిచెడ్డలు చూసే కమిటీ కూర్చుంది. ఎల్డన్ మోచేతులు వంగకుండా రెండు చేతులకూ బద్దలు కట్టాలంది, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా. బద్దలు కడితే పిడికిలి కణతకు అందదు, నిజమే. చెంచా నోటికీ అందదు. తువ్వాలు మడతా పడదు. ఆరు వారాల్లో దెబ్బలు తగ్గే ఉపాయం కనిపెడితే సరే, లేకపోతే బద్దలే అన్నారు. అందుకని యూనివర్సిటీ బ్రిజిట్‌ను పంపింది. తమను తామే గాయపరుచుకునేవాళ్ళ మీదే ఆ పిల్ల పరిశోధన.

"రోజుకు ఎన్నిసార్లు కొట్టుకుంటాడో ఏమైనా రాసిపెట్టారా?" అని అడిగింది మొదటి రోజు.

"ఏమైనా ఏంటి తల్లీ, పదకొండేళ్ళ లెక్క ఉంది. ఎన్ని పెట్టెలు మొయ్యగలవో చెప్పు."

అది గొప్పలకు పోవడం కాదు. పదకొండేళ్ళ కిందట ఇంకో నిపుణుడు వచ్చి నా చేతిలో ఓ స్టీలు కౌంటర్ పెట్టి వెళ్ళాడు. గుప్పిట్లో ఇముడుతుంది, బొటనవేలితో మీట నొక్కితే టిక్కుమని అంకె మారుతుంది. ఎల్డన్ కొట్టుకున్నప్పుడు ఏమీ అనొద్దు, మొహంలో ఏమీ కనబడనివ్వొద్దు, నొక్కండి చాలు అన్నాడు. నేను దానికి తాడు కట్టి మెడలో వేసుకున్నాను. ఒక చేత్తో గుడ్లు వేయిస్తూ రెండో చేత్తో నొక్కగలను. ఒక్క దెబ్బ వదిలిపెట్టలేదు. సిబ్బంది విందులో 'కచ్చితమైన లెక్కలకు' అని నాకో చెక్క ఫలకం కూడా ఇచ్చారు. నా జీవితంలో నాకొచ్చిన బహుమతి అదొక్కటే, కాబట్టి ఎవరూ నవ్వకూడదు.

మొదటి వారం ఎల్డన్‌ను యూనివర్సిటీ గదికి తీసుకెళ్ళాం. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు పెద్ద అద్దం. అద్దం వెనక గదిలోంచి ఇటు కనబడుతుంది, ఇటునుంచి అటు కనబడదు. ఒకసారి పని చెప్పి, అతను కొట్టుకుంటే పని ఆపేస్తారు. ఒకసారి పట్టించుకోనట్టు కూర్చుని, కొట్టుకుంటే 'వద్దు నాయనా' అంటారు. ఒకసారి ఒంటరిగా వదిలేస్తారు. ఏం దొరుకుతుందని అతను కొట్టుకుంటున్నాడో అలా తెలుస్తుందట. అద్దం వెనక బ్రిజిట్ కంప్యూటర్లో గుర్తులు పెట్టుకుంది.

మూడు రోజులకు కలిపి నాలుగు దెబ్బలు. నాలుగే.

"ఆ గదిలో ఏం చల్లారు?" అన్నాడు గ్లెన్. మా మూడు ఇళ్ళ మేనేజరు అతను. కాఫీ కప్పు లేకుండా అతని చెయ్యి నేనెప్పుడూ చూడలేదు.

"చల్లడం కాదు. ఈ పిల్లకి లెక్క రాదు," అన్నాను నేను. "రేపు నేనెళ్ళి కూర్చుంటా. అప్పుడు తెలుస్తుంది."

నాలుగో రోజు నేను నా కౌంటర్ వేసుకుని గదిలో మూలగా కూర్చున్నాను. గంటలో అరవై మూడు. ఒక్కొక్కటీ నొక్కాను. బయటికి వచ్చి ఆ అంకె బ్రిజిట్ మొహం ముందు పెట్టాను, ఏనుగెక్కినంత సంబరంగా.

"నాకూ అరవై మూడే వచ్చింది," అంది బ్రిజిట్. ఆమె సంబరపడలేదు. "వెల్మా, మిమ్మల్ని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. సాయంత్రం డ్యూటీ లెక్కలు రాసేదెవరు?"

సాయంత్రం డ్యూటీ కోడీది. నా లెక్క నూట నలభై ఎనిమిది ఉన్న రోజు కోడీ కాగితంలో నూట నలభై అయిదు, నాది నూట అరవై ఉంటే అతనిది నూట యాభై ఏడు. నెలరోజుల కాగితాలన్నీ ఒకే నీలి పెన్నుతో, ఒకే ఊపులో రాసినట్టున్నాయి. బ్రిజిట్ పిలిచి అడిగితే కోడీ నేలచూపులు చూశాడు.

"చేరిన కొత్తలో తొమ్మిదని రాశానండీ. నువ్వసలు మనిషిని చూస్తున్నావా, టీవీ చూస్తున్నావా అని గ్లెన్ తిట్టాడు. అప్పట్నుంచీ వెల్మా రాసిన దానికి కొంచెం తక్కువ వేస్తున్నా. నాకిచ్చిన కౌంటర్ సొరుగులోనే ఉంటుంది."

"నిజంగా ఎన్ని ఉంటాయి?"

"తొమ్మిదే. పది."

గ్లెన్ కాఫీలోకి చూస్తూ ఉండిపోయాడు. నేను కోడీని ఏదో అనబోయి ఆగాను, ఎందుకంటే బ్రిజిట్ అప్పటికే ఒక కాగితం మీద ఎర్ర గీత గీసింది. నేనుంటే గీత పైకి ఎక్కుతోంది. నేను లేకపోతే నేలమీద పాకుతోంది. పదహారు రంగుల్లో నాకు ఎరుపే దొరికిందా అనుకున్నాను.

"అంటే నా వల్ల కొట్టుకుంటున్నాడంటావు," అన్నాను.

"మీ వల్ల అనడం లేదు. మీరున్నప్పుడు అంటున్నాను. ఎందుకో తెలిసేదాకా మీరు కొన్నాళ్ళు వేరే ఇంట్లో పనిచేస్తే..."

"పందొమ్మిదేళ్ళు తల్లీ. అతని పళ్ళు నేను తోమాను. అతనికి జ్వరమొస్తే నేను పక్కన కూర్చున్నా."

"తెలుసు వెల్మా."

"నీకేం తెలుసు," అన్నాను. ఒళ్ళు మండింది. దాని కింద భయం కూడా ఉంది, అది పైకి చెప్పలేదు. మర్నాటి నుంచి నన్ను వీధి అవతలి ఇంటికి మార్చారు. ఇంట్లోకి వెళ్ళకూడదు, ఎదురుపడితే పలకరించకూడదు. వంటింటి కిటికీలోంచి చూస్తే ఎల్డన్ తువ్వాళ్ళ బుట్ట మోసుకుంటూ కనబడేవాడు. ఆ వారం అంతా నేను వేయించిన గుడ్లు మాడిపోయాయి.

వచ్చిన శనివారం ఫైర్ స్టేషన్లో పాన్‌కేకుల విందు. ఏటా వసంతంలో మా ఫైర్‌మెన్లు ఇంజన్లు బయట పెట్టి, లోపల బల్లలు వేసి ఊరికి పాన్‌కేకులు పోస్తారు. గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళను లెక్కపెట్టే పని ఎప్పుడూ నాదే. పిండి ఎంత కలపాలో వాళ్ళకు తెలియాలి కదా. నా కౌంటర్ నా మెడలోనే ఉంది. ఒకళ్ళు లోపలికి అడుగుపెడితే ఒక టిక్కు.

తొమ్మిదింటికి కోడీ ఎల్డన్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. నేను చటుక్కున మొహం అటు తిప్పుకున్నాను. మాట ఇచ్చాను కదా. కానీ లెక్క ఆపలేను, వెనక జనం వరస కట్టి ఉన్నారు. కోడీకి ఒక టిక్కు, ఎల్డన్‌కు ఒకటి, వెనక వచ్చిన పొరుగింటావిడకు ఒకటి.

ఎల్డన్ కోడీ చెయ్యి విడిపించుకుని తిరిగి వచ్చాడు. వచ్చి నా పక్కన నిలబడి, నడుం వంచి, చెవి నా గుప్పిటి దగ్గర పెట్టాడు.

"వెల్మా, లాగేసుకుపోనా?" అన్నాడు కోడీ.

"నన్నడుగుతావేం, నేను మాట్లాడకూడదుగా," అన్నాను గోడ వైపు చూస్తూ.

ఇక దెబ్బలు మొదలవుతాయనుకున్నాను. ఊరి జనం అంతా చూస్తుండగా నా పక్కనే నిలబడి కొట్టుకుంటాడు, బ్రిజిట్ గీత నిజమవుతుంది. కానీ ఒక్క దెబ్బ లేదు. జనం వస్తున్నారు, నేను నొక్కుతున్నాను, దొరగారు వంగి వింటున్నారు. లోపల్నుంచి వెన్న వాసన వస్తున్నా కదల్లేదు. గంట పైన అలాగే గడిచింది. మూడు వందల పన్నెండు మంది వచ్చారు. నేనున్నాను, అతనున్నాడు, దెబ్బ మాత్రం లేదు.

తర్వాత వరస తెగింది. గుమ్మం ఖాళీ అయింది. ఎల్డన్ కాసేపు ఎదురుచూశాడు. నడుం ఎత్తాడు. పిడికిలి బిగించి కణత మీద ఒక్కటి వేసుకున్నాడు.

నా బొటనవేలు అలవాటుగా నొక్కేసింది.

అప్పుడు అంకె కనబడలేదు, ఎందుకంటే టిక్కు వినగానే అతను మళ్ళీ వంగాడు, కౌంటర్‌కు అతని తల అడ్డం వచ్చింది. అందుకే నేను అతని మొహం చూశాను. పదకొండేళ్ళలో దెబ్బ పడ్డ క్షణంలో నేను అంకే చూశాను తప్ప అతని మొహం ఎప్పుడూ చూడలేదు. ఎల్డన్ నవ్వుతున్నాడు. కౌంటర్ వైపు చూసి, ఎంతసేపటికి మోగించావు అన్నట్టు నవ్వుతున్నాడు.

సిరప్పు సీసాలు పెట్టిన బల్ల పట్టుకుని కూర్చున్నాను.

దెబ్బ వేసుకుంటే టిక్కు. టిక్కు కావాలంటే దెబ్బ. పదకొండేళ్ళుగా నేను మొహంలో ఏమీ కనబడనివ్వకుండా, ఒక్కటీ వదలకుండా, ప్రతి దెబ్బకూ అతనికి ఇష్టమైనది చేతికిచ్చాను. కౌంటర్ రాకముందు రోజుకు పదో పన్నెండో ఉండేవి. ఆ తర్వాత పెరిగాయి, వయసు పెరుగుతోంది కదా అని అందరం సర్దిచెప్పుకున్నాం. ఎడమ కన్ను పోయిన రోజు కూడా నేను నొక్కే ఉంటాను.

బ్రిజిట్‌కు ఫోన్ చేశాను. పావుగంటలో వచ్చింది. అంతా విని ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, పెన్ను తీసి, ఎన్ని నిమిషాలు, ఎంతమంది, మొదటి దెబ్బ ఎప్పుడు అని అడగడం మొదలుపెట్టింది.

"నీకు పండగ్గా ఉన్నట్టుంది," అన్నాను.

పెన్ను ఆగింది. "క్షమించండి," అంది. పెన్నుకు మూతపెట్టి, "మీరు లెక్క తప్పుగా వేసి ఉంటే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు వెల్మా," అంది.

"ఆ కబుర్లు నా దగ్గర చెప్పకు. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

చేయవలసింది తేలికే. మర్నాటి నుంచి బ్రిజిట్ ఎల్డన్‌కు ఒకటి నేర్పింది. అరచెయ్యి చాపితే కౌంటర్ చేతిలో పెడతాం, నీ ఇష్టం వచ్చినంతసేపు నొక్కుకో. కొట్టుకుంటే ఏమీ మోగదు. నేర్చుకోవడానికి రెండు పూటలు పట్టింది. ఒక పూట మాకు అర్థం కావడానికి పట్టింది అనుకోండి. నన్ను మళ్ళీ లిండెన్ వీధి ఇంటికి పిలిచారు. ఎల్డన్ చెయ్యి చాపడం, ఇవ్వడం, టిక్కు టిక్కు టిక్కు. నా చెవులు హోరెత్తిపోయాయి. పదో రోజుకు దెబ్బలు అయిదుకు దిగాయి.

కానీ కమిటీకి అది చాలలేదు. ఈమధ్య మార్చిన మందు వల్ల తగ్గిందేమో, మళ్ళీ పెరిగితే కన్ను ఎవరు తెచ్చిస్తారు అన్నారు. నిజానికి తప్పు మాటా కాదు. బ్రిజిట్ తలదించుకుని నా దగ్గరికి వచ్చింది.

"వాళ్ళ కళ్ళ ముందు చూపించాలి. పది నిమిషాలు చెయ్యి చాపితే ఇవ్వడం, పది నిమిషాలు పాత పద్ధతి, మళ్ళీ పది నిమిషాలు కొత్త పద్ధతి. మధ్య పది నిమిషాలు..."

"మధ్య పది నిమిషాలు నేను మళ్ళీ అతని చేత కొట్టించాలి."

"మెత్తటి టోపీ ఉంటుంది, చేతికి తొడుగు ఉంటుంది. కంటికి దెబ్బ తగలదు, డాక్టరు ఒప్పుకున్నాడు. వాళ్ళక్క మార్జీన్ కూడా ఒప్పుకుంది. మీకు కష్టమైతే నేను కూర్చుంటాను."

"అతనికి అలవాటైన వేలు నాది," అన్నాను. "నేనే కూర్చుంటా."

ఆ గురువారం అద్దం వెనక కమిటీవాళ్ళు ముగ్గురు, గ్లెన్, ఒమాహా నుంచి వచ్చిన మార్జీన్ కూర్చున్నారు. ఎల్డన్ తరఫున సంతకాలు పెట్టే అధికారం ఆమెది. కౌంటర్ సంగతి బ్రిజిట్ ఆమెకు చెప్పింది, ఇన్నేళ్ళు నొక్కింది నేనేనని కూడా. ముందే నేను ఫోన్ చేసి చెప్పాల్సింది. నోరు రాలేదు.

మొదటి పది నిమిషాలు అతను చెయ్యి చాపాడు, నేను ఇచ్చాను. దెబ్బ లేదు.

తలుపు మీద బ్రిజిట్ రెండుసార్లు తట్టింది. నేను కౌంటర్ తీసుకుని గుప్పిట్లో పెట్టుకున్నాను. ఎల్డన్ చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. ఇంకొంచెం దగ్గరగా చాపాడు, పెద్దావిడకు కనబడలేదేమో అన్నట్టు. నేను గోడ చూశాను. నా మోకాలి మీద చెయ్యి పెట్టాడు, అరచెయ్యి పైకి తిప్పి. చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పిడికిలి అయింది.

నేను నొక్కాను.

ఎల్డన్ నా వంక వింతగా చూశాడు. ఓహో మళ్ళీ పాత పద్ధతా, ముందే చెప్పొచ్చుగా అన్నట్టు. అంత మంచి మనిషి. ఏ పద్ధతి పెడితే ఆ పద్ధతే చేస్తాడు. ఆ పది నిమిషాల్లో నలభై ఒకటి కొట్టుకున్నాడు, నలభై ఒక్కసార్లూ నేను నొక్కాను, నలభై ఒక్కసార్లూ అతని మొహమే చూశాను. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మళ్ళీ రెండుసార్లు తట్టారు. అతను చెయ్యి చాపకముందే అతని చేతిలో పెట్టేశాను. నియమం ప్రకారం అది తప్పు. అద్దం వెనకనుంచి ఎవరూ ఏమీ అనలేదు. చివరి పది నిమిషాల్లో దెబ్బ లేదు.

కమిటీవాళ్ళు అయిదు నిమిషాలు కూడా మాట్లాడుకోలేదు. బద్దలు అక్కర్లేదని అక్కడికక్కడే రాసిచ్చారు. గ్లెన్ కాఫీ కప్పు కింద పెట్టి రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. బ్రిజిట్ అంకె సరిచూసుకోవడానికి కౌంటర్ పట్టుకుని లోపలికి వెళ్ళింది.

నేను, ఎల్డన్ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మార్జీన్ బయటికొచ్చి మా ఎదురుగా నిలబడింది. తమ్ముడి లాగే పొడుగు మనిషి.

"పదకొండేళ్ళు," అంది.

"అవును."

"ఎడమ కన్ను కూడా."

"అదీ ఆ లెక్కలోదే. నాకు తెలీలేదు మార్జీన్. తెలీదన్న మాటతో అది తిరిగి రాదని తెలుసు."

"నీ మీద అరుద్దామనే బయటికొచ్చా," అంది.

"అరువు."

"అరవలేకపోతున్నా. ఏడాదికి రెండుసార్లొచ్చి కేకు కోసి వెళ్ళిపోయేదాన్ని. ఒక్కటీ వదలకుండా లెక్క రాయాలంటే ఒక్క రోజూ వదలకుండా పక్కనుండాలి. నేను లేను. నువ్వున్నావు."

అది నాకు ఓదార్పు కాలేదు. పక్కనుండి చేశాననేదే నా బాధ. ఆ మాటే చెప్పబోతుంటే ఎల్డన్ నా ముందుకు చెయ్యి చాపాడు.

"లేదు నాయనా, బ్రిజిట్ పట్టుకెళ్ళింది. కాసేపాగు."

ఆగలేదు. నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటీ మడిచాడు, తువ్వాలు మడిచినంత శ్రద్ధగా. గుప్పిటి మీద నా బొటనవేలు సర్దిపెట్టి, దాన్ని నొక్కాడు. ఏమీ మోగలేదు. వంగి చెవి పెట్టి మళ్ళీ నొక్కాడు.

"టిక్," అన్నాను నోటితో.

ఎల్డన్ చివాలున తలెత్తి నా నోటి వంక చూశాడు. నొక్కాడు.

"టిక్."

ఇక అతని నవ్వు ఆగలేదు. నొక్కడం, నేననడం, నొక్కడం, నేననడం. నా గొంతు బొంగురుపోతోంది, మధ్యమధ్య ఏడుపూ వస్తోంది, అయినా ఒక్కటీ వదల్లేదు. మార్జీన్ బెంచీ చివర కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"ఇప్పటికి ఎన్నయ్యాయి వెల్మా?" అంది.

"ఏమో," అన్నాను. "నేను లెక్కపెట్టడం లేదు."